చుక్క పెట్టి దాచిన గొంతు

మార్చి పదకొండు, బుధవారం. ఆ ఉదయం మా అమ్మాయీ నేనూ వెన్న రాసిన రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. ఒక్క గుడ్డూ పగలనందుకు నన్ను మెచ్చుకుని తను పనికి వెళ్లింది.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. మాది విండోస్ కాదు, లైనక్స్. ఫైల్ మేనేజర్ తెరిచినప్పుడల్లా పెద్ద పెద్ద బొమ్మలు చూపిస్తుంది. నాకు పేర్లు వరుసగా కావాలి. ప్రతిసారీ మార్చుకోలేక, ఎప్పుడు తెరిచినా అలాగే ఉండేలా చేద్దామని సెట్టింగుల్లోకి వెళ్లాను. అక్షరాలు పెద్దవి చేశాను. ‘దాచిన ఫైళ్లు కూడా చూపించు’ అన్న గడి కనిపిస్తే, నాకు దాపరికాలేం ఉంటాయిలే అనుకుంటూ అదీ నొక్కాను.

వెలిసిపోయినట్టున్న ఫోల్డర్లు కొన్ని వరుసలోకి వచ్చాయి. ఒకదాని పేరు ‘అమ్మ గొంతు’. పేరుకు ముందు ఒక చుక్క.

లైనక్స్‌లో పేరు ముందు చుక్క పెడితే ఆ ఫోల్డరు కంటికి కనబడదు. చుక్క దానంతట అదే వచ్చి కూర్చోదు.

నా భార్య మంచం పట్టాక నాకోసం రికార్డు చేసిన పాఠాలవి. బట్టల మిషను ఎలా తిప్పాలో ఒకదాంట్లో చెబుతుంది: “నీలం మీట నొక్కండి. నీలమంటే అందరికీ కనిపించే నీలం, మీకు కనిపించేది కాదు.” తను పోయాక రోజూ వినేవాణ్ణి. నిరుడు డిస్కు పాడై అవన్నీ పోయాయని అమ్మాయి చెప్పింది. తల్లి గొంతు తనకూ పోయింది కదా అని నేనే తల నిమిరి ఓదార్చాను. కదలకుండా నిమిరించుకుంది.

సాయంత్రం తను రాగానే తెర చూపించి, ఇదేమిటని అడిగాను.

“తిండి మానేసి అవే వింటూ కూర్చునేవాడివి నాన్నా. బట్టలు ఉతక్కుండా, ఉతకడం ఎలాగో వినేవాడివి.”

మరొకప్పుడైతే నవ్వేవాణ్ణి.

“దాస్తానని నాతో అనొచ్చుగా.”

“అంటే ఊరుకునేవాడివా?”

“ఊరుకోను. అందుకని పోయిందంటావా? పోయిన మనిషిని నాకు ఇంకోసారి పోగొట్టావు. పైగా నాచేతే ఓదార్పించుకున్నావు.”

చెరిపెయ్యలేదు కదా అని గొణిగింది. నిజమే. చెరపడానికి ఒక్క మీట చాలు. చేతులు రాలేదు పాపం. ఆ మాత్రం దయ నాకూ తెలుస్తోంది. కానీ ఇకమీదట తను ఏది పోయిందన్నా, వెతక్కుండా నమ్మలేను.

భోంచేశాం. తర్వాత పేరు ముందున్న చుక్క తీసేశాను. దాచినవి చూపించే గడిని మాత్రం అలాగే ఉంచాను. ఒక పాఠం పెట్టుకున్నాను. ఆమె దగ్గి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టింది. అమ్మాయి తన గది గుమ్మంలో నిలబడి వింటోంది. రమ్మని నేను పిలవలేదు. కాసేపు చూసి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.