ఎడమకాలు ఉచితంగా ఇవ్వబడును

వీధిలో నన్ను ఇస్త్రీపెట్టె అంటారు. మా దుకాణాన్ని బట్టి కాదు, నా నోటిని బట్టి. కోపమొస్తే ఒంటికాలి మీద లేస్తానని పేరు. "ఒంటికాలివాణ్ణి నేనైతే, లేచేది మాత్రం నువ్వు," అనేవాడు మా ఆయన, చొక్కా కాలరు మీద పెట్టె నొక్కుతూ. ఆయనకు ఎడమకాలు తొడ మధ్య నుంచి లేదు. మా పెళ్ళికి ముందే లారీ కింద పడి పోయింది. పెట్టుడు కాలి మీద నిలబడే ఇన్నేళ్ళూ వీధంతటి బట్టలు ఇస్త్రీ చేశాడు. ఆయన చేస్తే నేను మడతపెట్టేదాన్ని.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. బట్టలన్నీ ఇచ్చేశాను. చొక్కాలు పక్క భవనం వాచ్‌మన్‌కు సరిపోయాయి, ప్యాంట్లు మా తమ్ముడికి. కాలొక్కటే మిగిలింది. మంచం పక్కన గోడకు, చివరిసారి ఆయన ఆనించినట్టే, బూటుతో సహా ఉంది. పొద్దున్నే కళ్ళు తెరవగానే అది కనిపిస్తుంది. కాలిక్కడే ఉంది కదా, మనిషి ఇంకా లేవలేదు అనుకుంటాను. తర్వాత మంచం మీద పక్కకు తిరిగి చూస్తాను.

"ఎవరికైనా ఇచ్చేద్దామమ్మా, పాపం అవసరమైనవాళ్ళు ఉంటారు," అంది మా అమ్మాయి ఫోన్లో. వేరే ఊళ్ళో ఉద్యోగం దానిది. ఫోన్లో జనం పాత సామాన్లు అమ్ముకునే చోట, నేను పంపిన కాలి ఫోటో పెట్టింది. కింద ఏం రాయాలో నేను చెప్పాను. ఎడమకాలు ఉచితంగా ఇవ్వబడును. మనిషి ఇంత ఎత్తుండాలి, చెప్పు సైజు ఇంతుండాలి. ఇంటికొచ్చి, నా ఎదుట వేసుకుని నడవాలి.

ఆ చివరి మాట తీసేయమని అమ్మాయి పోరు పెట్టింది. ససేమిరా అన్నాను. నాకు కావలసిందే అది. ఎడమ అడుగు వేసే ముందు ఆయన మనిషంతా కాస్త పక్కకు ఊగేవాడు. ఆ ఊపు ఇంకొక్కసారి నా గదిలో చూడాలి. ఆ తర్వాత కాలు ఎవరు పట్టుకుపోయినా సరే. ఇక ఎత్తు, సైజు అంటారా, బట్టలతో బతికినదాన్ని. పొడుగు కుదిరితే చొక్కా కుదిరినట్టే కాలూ కుదురుతుందనుకున్నాను.

అబ్బబ్బ, ఆ ఫోన్లు! తల తినేశారు. ఒకడు కుడికాలు కూడా ఉందా అన్నాడు. నాటకాలాయన ఒకడు దొంగ వేషానికి కావాలన్నాడు. ఇంకొకడు "పనిచేస్తుందా?" అన్నాడు. "నీకన్నా బాగానే చేసేది," అని పెట్టేశాను. "ఇంకా ఉందా?" అని అడిగి, ఉందనగానే అజాపజా లేకుండా పోయినవాళ్ళు బోలెడుమంది. దార్లో ఉన్నాను, వచ్చేస్తున్నాను అన్న ఒక మహానుభావుడి కోసం దుకాణం మూసుకుని కూర్చున్నాను. ఆ దారి ఇప్పటికీ తెగలేదు.

కొలతలన్నీ కుదిరినవాడు ఒక్కడే దొరికాడు. బేకరీలో రొట్టెలు కాల్చే అబ్బాయి. మా అమ్మాయి ఈడువాడు. చంకకర్రల మీద మెట్లెక్కి దుకాణం పైనున్న మా గదికి వచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి, కర్రలు తీసుకుని తలుపు మూల పెట్టాను.

"నీ పెట్టుడు కాలేమైంది నాయనా?"

"ఉందమ్మా, మోకాలి దగ్గర కీలు విరిగింది. బాగుచేయడానికి లేదన్నారు. కర్రలు పట్టుకుంటే రెండు చేతులూ వాటికే సరిపోతాయి. వేడి ట్రే ఎలా పట్టుకోను? మా యజమాని మంచాయనే, ఇన్నాళ్ళూ ఓపిక పట్టాడు. ఈ వారం దాటితే పొయ్యి దగ్గరికి వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు."

"వేరేవాడెందుకు? ఇదిగో, వేసుకో. నాలుగడుగులు వెయ్యి," అని కాలు తెచ్చి ఒళ్ళో పెట్టాను.

వాడు వేసుకోలేదు. మోకాలు వంచాడు, చాచాడు, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ వంచాడు. "కీలు బాగుందమ్మా," అన్నాడు.

"కీలు సంగతి ఎవరడిగారు? నడిచి చూపించు."

తల దించుకునే చెప్పాడు. "ఇది నాకు సరిపోదమ్మా. ఎవరికీ సరిపోదు. తొడ దూర్చుకునే ఈ పై తొడుగుంది చూశారా, ఇది ఆయన తొడకి అచ్చు తీసి పోసింది. పొడుగుతో పనిలేదు. నా తొడుగు నాకుంది. నాకీ మోకాలి కీలొక్కటిస్తే చాలు. కాళ్ళు తయారుచేసే చోట బిగించిస్తామన్నారు."

"అంటే దీన్ని విప్పేస్తావా?"

"విప్పాలమ్మా."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ ముక్క ఫోన్లో ఏడవొచ్చుగా?"

"చెప్తే రానిచ్చేవారా? ఇంతకుముందు ఇలాగే కాలిస్తామన్న వేరేవాళ్ళకి చెప్పాను. టపీమని పెట్టేశారు."

నేనైనా పెట్టేసేదాన్నే. అది నిజం కావడంతో ఇంకా మండిపోయింది. "మా ఆయన కాలు ముక్కలు చేస్తానని నా గదిలో కూర్చుని నాకే చెప్తావా? నీ అవసరం నీదేనా, నాకేం లేదా? లే! నడువు బయటికి!"

ఎలా నడుస్తాడు? కర్రలు తలుపు మూల ఉన్నాయి. పెట్టింది నేనే. నోరు జారాక గానీ నాకు తట్టలేదు. వాడు మాత్రం కోపం తెచ్చుకోలేదు. "కర్రలు ఇలా ఇవ్వండమ్మా, వెళ్తాను," అన్నాడు మెల్లగా.

విసురుగా వెళ్ళి కర్రలు తెచ్చాను. వెనక్కి తిరిగేసరికి వాడు కుర్చీలోంచే వంగి, ఒళ్ళో కాలిని తీసి గోడకు ఆనిస్తున్నాడు. జారిపోకుండా మడమను కొంచెం బయటికి తిప్పి, పైభాగం గోడకు తగిలేదాకా రెండు చేతులూ వదల్లేదు. రోజూ పడుకోబోయే ముందు మా ఆయన అచ్చం అలాగే పెట్టేవాడు. ఇంట్లో ఇంకెవరికీ అలా పెట్టడం చేతకాదు. నేను పెడితే అరగంటలో దభీమని పడేది.

నా కోపం ఎటు పోయిందో పోయింది. కర్రలు ఇవ్వకుండా అక్కడే నిలబడిపోయాను.

"సాయంత్రానికి నీకూ తొడ మంటపుడుతుందా?" అన్నాను.

"పుడుతుందమ్మా. పొయ్యి వేడికి ఇంకాస్త ఎక్కువ. ఆయనకెలా ఉండేది? రోజంతా ఎలా నిలబడేవారు?"

ఎలా పోయాడని అందరూ అడిగారు. ఎలా నిలబడేవాడని ఒక్కరూ అడగలేదు. మంచం అంచున కూర్చుని చెప్పాను. ఎక్కువసేపు నిలబడితే మోకాలి దగ్గర మర వదులయ్యేదని. ఆయన వంగలేడు గనక చిన్న పానా పట్టుకుని నేనే బల్ల కింద దూరేదాన్నని. పైన ఆయన ఇస్త్రీ ఆపేవాడు కాదు. బట్టలకొచ్చినవాళ్ళు వింటుండగా "బల్ల కింద ఏం పోగొట్టుకున్నావే?" అని ఏడిపించేవాడు. నేను పానాతో బూటు మీద ఒక్కటి పెట్టేదాన్ని. ఆ అబ్బాయి నవ్వాడు. నేనూ నవ్వాను, కళ్ళు మండుతున్నా.

వాడు మళ్ళీ కీలు అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను.

లేచి సొరుగులోంచి పానా తీశాను. కాలు తెచ్చి, నేల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. వాడు చెయ్యి చాచాడు. "నువ్వు ముట్టుకోకు. ఇన్నేళ్ళూ బిగించింది నేను, విప్పేదీ నేనే," అన్నాను. మరలు ఒక్కొక్కటే వచ్చాయి. చివరిది మొండికేసింది. కొంగు చుట్టి పట్టు బిగించి తిప్పాను. కీలు ఊడి చేతిలోకి వచ్చింది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. పాదం కూడా కాళ్ళు చేసే చోట ఇంకెవరికో పనికొస్తుందని వాడంటే, బూటు తీసి, రెండూ ఇస్త్రీ చేసిన దిండుగలీబులో పెట్టి ఇచ్చాను.

తలుపు దగ్గర ఆగాడు. "బిగించాక వచ్చి, మీ ముందు నడిచి చూపిస్తానమ్మా. ఒట్టు."

నేను కోరుకున్నది అదే. అయినా వద్దన్నాను. "నువ్వు నడుస్తుంటే నేను నిన్ను చూడను నాయనా, నీలో ఆయన్ని వెతుక్కుంటాను. అది నీకు మంచిది కాదు, నాకూ మంచిది కాదు. నీ నడక నువ్వు నడుచుకో. వేడి ట్రేలు, జాగ్రత్త."

మెట్ల కింద వీధిలో కలిసిపోయేదాకా చూసి గదిలోకి వచ్చాను. నేల మీద తొడుగొక్కటి మిగిలింది, ఎవరికీ పనికిరానిది. దాని లోపల ఎప్పుడూ ఆయనే తుడుచుకునేవాడు. "చెమట కంపు, నువ్వు చెయ్యి పెట్టకు," అనేవాడు. నేను బయట తుడవడమే గానీ లోపల ఏనాడూ ముట్టుకోలేదు. ఒళ్ళోకి తీసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చాను. మోచేతిదాకా వెళ్ళింది. అరిగి నున్నగా ఉంది. ఒక పక్క పల్లం, ఒక పక్క చిన్న ఎత్తు. ఆయన ఒంటి ఆకారమే, ఏమీ మారలేదు. ఎవరికీ సరిపోదన్నాడు కదా ఆ అబ్బాయి. ఎలా సరిపోతుంది, ఇది ఆయనైతే?

ఆయన పోయాక మొదటిసారి నోరు తెరిచి ఏడ్చాను. కింద దుకాణం ముందు ఎవరో బట్టల కోసం కేకలేస్తున్నారు. వెయ్యనీ అనుకున్నాను.