దాపుడు కన్ను

నాటకం కంపెనీలో ఆయన్ని అందరూ గుడ్లగూబ అనే పిలిచేవారు. ఎవరైనా పొరపాటున అసలు పేరుతో పిలిస్తే, పిలిచింది తననేనా అని వెనక్కి తిరిగి చూసుకునేవాడు. చీకట్లో అంత బాగా చూడగలిగిన మనిషి ఆ కంపెనీలో ఇంకొకడు లేడు మరి. రంగం మారేటప్పుడు లైట్లన్నీ ఆర్పేస్తారు. జనం ఒకసారి దగ్గి, సర్దుకుని కూర్చునేలోపు వేదిక మీది బల్లలు పోవాలి, కుర్చీలు రావాలి. మిగతావాళ్ళు తడుముకుంటూ మోకాళ్ళు పగలగొట్టుకుంటుంటే, ఈయన మాత్రం సొంత వంటింట్లో తిరిగినట్టు తిరిగేవాడు.

అందులో మంత్రమేమీ లేదు. లైట్లు ఆరడానికి చాలా ముందే తెర పక్కన నిలబడి కుడికన్ను గట్టిగా మూసుకునేవాడు. ఎడమకన్ను వెలుతురు చూస్తూ పని చేసుకుంటుంటే, మూసిన కన్ను లోపల్లోపలే చీకటికి అలవాటు పడిపోయేది. లైట్లు ఆరిన మరుక్షణం దాన్ని తెరిచేవాడు. "మీ ఆడవాళ్ళకి పెట్టెలో దాపుడు చీర ఉన్నట్టు, నాకిది దాపుడు కన్ను" అని మురిసిపోయేవాడు.

ఆ కన్ను మీద అందరికంటే ఎక్కువ ఆధారపడింది ఆయన కూతురే. నాటకంలో ఆమే నాయిక. మొదటి అంకం చివర ఎత్తైన చెక్కమేడ మీద నిలబడి ఆఖరి మాట చెబుతుంది. అంతసేపూ పెద్ద లైటు ఆమె మొహం మీదే ఉంటుంది కాబట్టి, అది ఆరగానే ఆమెకి తన చెయ్యి తనకే కనిపించదు. వెనక్కి తిరిగి ఉత్త చీకట్లోకి చెయ్యి చాపుతుంది. తండ్రి చక్రాల మెట్లని తోసుకొచ్చి మేడకి ఆనించి, నాలుగు మెట్లెక్కి ఆ చెయ్యి అందుకుని "రా తల్లీ" అంటాడు. ఆమె దిగిపోతుంది. మేడ అంచుకొక తెల్ల గీత, మెట్ల అంచుకొక తెల్ల గీత వేసుకున్నాడాయన. రెండూ కలిసి ఒకే గీతలా కనిపిస్తే మెట్లు ఆనినట్టు లెక్క.

ఇంత పనిమంతుడికీ ఒక రోగం ఉంది, తాగుడు. పోయినేడాది తాగొచ్చి సగం సెట్టు కూలదోశాడు. మేనేజరు మెడపట్టి గెంటబోతుంటే కూతురే అడ్డం పడింది. "ఇకమీదట ఆట ఉన్న రోజున మా నాన్న చుక్క ముట్టడు. ముట్టిన రోజున నన్ను కూడా పంపించేయండి" అంది. ఆయన కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అప్పట్నించీ నిలబెట్టుకున్నాడు కూడా, అది ఒప్పుకోవాలి.

ఒక రోజు మధ్యాహ్నం ఆట ఉంది. లైట్లాయనకి మనవరాలు పుట్టిందట. సామాన్ల గదిలో సీసా తెరిచి, "శుభమా అని పోస్తుంటే కాదంటావేంటి బావా" అన్నాడు. గుడ్లగూబ కాదనలేదు. రెండు గ్లాసులు. రెండే కదా అనుకున్నాడు, లవంగాలు నమిలాడు.

మేకప్ గదిలో దుస్తులు కుట్టే ఆవిడ, కంపెనీ పిల్లలందరికీ అత్త, ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏంటన్నయ్యా, మొహం వెలిగిపోతోంది?"

"ఆ సూది ఇటివ్వు" అన్నాడాయన. అద్దం చుట్టూ ఉన్న బల్బుల వెలుగులో, సన్నటి దారాన్ని ఒక్క పోటుకే ఎక్కించి ఆమె చేతిలో పెట్టాడు. అత్త నవ్వేసింది. ఆయన గుండె కుదుటపడింది. చెయ్యి వణకలేదు, మాట తడబడలేదు, సూది బెజ్జం తలుపంత కనిపించింది. ఇంకేం కావాలి?

అక్కడే మోసపోయాడు పిచ్చి మహారాజు. తూలితేనే తాగినట్టనుకుంటారు జనం. కొద్దిగా తాగినప్పుడు కాళ్ళూ నాలుకా బుద్ధిగానే ఉంటాయి, వెలుతురులో చూపూ బాగానే ఉంటుంది. మసకలోనే తెలుస్తుంది దాని దెబ్బ. నలుపుకీ బూడిదరంగుకీ తేడా చెరిగిపోతుంది, వస్తువుల అంచులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పైగా ఏదీ తక్కువైనట్టు తాగినవాడికి అనిపించదు. మూసి దాచుకున్నంత మాత్రాన ఆ కంటికి మందు ఎక్కకుండా ఉంటుందా?

వేషం వేసుకున్న కూతురు గుమ్మం దగ్గర ఆగింది. "నాన్నా, బానే ఉన్నావా?"

"నాకేం తల్లీ, నిక్షేపంలా ఉన్నాను."

ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, వేదిక వైపు వెళ్ళిపోయింది.

అంకం చివరికొచ్చింది. లైట్లు ఆరాయి. ఆయన కుడికన్ను తెరిచి మెట్లు తోశాడు. మడతపడిన తివాచీ అంచుకి చక్రం తగిలి ధబ్బున ఆగింది. మేడకి ఆనిందనుకున్నాడు. తలెత్తి చూస్తే తెల్ల గీత కనిపించింది, పొగ పట్టిన గుడ్డలా, ఒక్కటే గీత. ఆ రెండు గీతల నడుమ మనిషి దూరేంత నల్లటి ఖాళీ ఉంది. అదే ఆయనకి కనిపించలేదు.

మెట్లెక్కి, సాగి ఆమె చెయ్యి అందుకున్నాడు. "రా తల్లీ" అన్నాడు.

ఆ చెయ్యి ఆయన చేతిలోంచి జారిపోయింది.

లైట్లు వేసేసరికి ఆమె మేడ కింద, సెట్టు దూలానికి నడుం తగిలి పడి ఉంది. ఆమె పడుతూ తగలడంతో మెట్లు పక్కకి జరిగిపోయాయి, ముందున్న ఖాళీ సంగతి ఎవరికీ తెలియలేదు. మేనేజరు పరిగెత్తుకొచ్చి "ఎవరిది తప్పు?" అని అరిచాడు. ఆమె పళ్ళ బిగువున చెప్పింది: "నేనే అడుగు తప్పాను. నాన్న సరిగ్గానే పెట్టాడు."

అందరూ వచ్చి గుడ్లగూబనే ఓదార్చారు. ఓదారుస్తుంటే ఓదార్పించుకున్నాడు.

నడుం కింది భాగంలో ఇక కదలిక రాదని డాక్టరు తేల్చి చెప్పిన రోజున, ఆయన ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఇంక కడుపులో దాచుకోలేక బయటపెట్టాడు. "తాగానమ్మా ఆ రోజు. రెండు గ్లాసులు. నీతో అబద్ధం చెప్పాను."

"తెలుసు నాన్నా."

"తెలుసా?"

"గుమ్మం దగ్గరే తెలిసింది. లవంగాలతో పోయే వాసనా అది?"

"మరి... తెలిసి తెలిసి చెయ్యెందుకిచ్చావే?"

"నీ చెయ్యి వద్దంటే ఎందుకని అడగరా? నిన్ను బయటికి గెంటేసేవాళ్ళు. ఈ పని కూడా పోతే నువ్వు పొద్దస్తమానం తాగుతావు, నాలుగు నెలల్లో పోతావు." పైకప్పు వైపు చూస్తూనే చెప్పింది. "నీ కన్ను కదా, ఎంత తాగినా నా విషయంలో పొరబడదులే అనుకున్నాను."

ఆయన ఏడుద్దామనుకున్నాడు. కన్నకూతురి ముందు, ఇలాంటి మాట విన్నాక, ఏ తండ్రికైనా ఏడుపే రావాలి. ఆయనకి ముందు దాహం వేసింది. చేతులు వాటంతటవే వణకసాగాయి. ఆ క్షణంలో తన మీద తనకి పుట్టిన అసహ్యానికి అంతు లేదు. అయినా దాహం తగ్గలేదు.

"మంచినీళ్ళు తెస్తానమ్మా" అంటూ లేచాడు.

నీళ్ళ కూజా మంచం పక్కనే, మూతిదాకా నిండుగా ఉంది. కూతురు దాన్ని చూసింది, ఆయన చేతుల్ని చూసింది.

"వెళ్ళిరా నాన్నా" అంది.