మల్లవ్వ పాట కోసం హార్డ్ డిస్క్

మా పెళ్లి వీడియోలో మల్లవ్వ అమ్మమ్మ పెదవులు కదులుతాయి గానీ పాట వినిపించదు. వీడియో తీసిన ప్రతీక్ నలుగు పెట్టిన ఘట్టం మొత్తాన్ని ఏదో సినిమా పాటతో కప్పేశాడు. అమ్మమ్మ మా అత్తమ్మకు తల్లి. మా పెళ్లయిన నెలకే పక్షవాతం వచ్చి ఆమెకు మాట పడిపోయింది. ఆ పాటలు మా ఇంట్లో ఇంకెవరికీ పూర్తిగా రావు.

సినిమా పాట కలపని అసలు వీడియోలు ఇంకా తన కంప్యూటర్‌లోనే ఉన్నాయని ఆదివారం పొద్దున ప్రతీక్ ఫోన్‌లో చెప్పాడు. మరాఠీవాడు, వదినను వహినీ అంటాడు. "పెద్ద హార్డ్ డిస్క్ తెచ్చుకోండి వహినీ. జాగా లేదు. సాయంత్రం ఇంకో పెళ్లికి పోయే ముందు మీదంతా తుడిచేస్తా."

మా ఆయన ఆదర్శ్ అప్పుడే పద్మాపూర్ బొగ్గు గనిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. ఎంత కడుక్కున్నా కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలింది. ఎంత ముద్దొచ్చాడో! పడుకోకుండానే స్కూటర్ తీశాడు. మే నెల ఎండకు సీటు కాలుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, అతని తల వాలిపోతోంది. వెనక నుంచి గిల్లుతూ కూర్చున్నాను.

దుకాణంలో డిస్క్ చూసి నవ్వొచ్చింది. సబ్బు డబ్బా అంత ఉంది.

"గిండ్ల మన పెళ్లంత పడుతదా బావా?"

"పడుతది. నీ ముచ్చట్లే పట్టయి."

నేరుగా ప్రతీక్ దగ్గరికి పోవాల్సింది. కానీ మా ఇంట్లో మిక్సీ అయినా ఫోనైనా దేవుడి దగ్గర పెట్టకుండా ఎవరూ వాడరు. ముందు ఇంటికే తెస్తే, అత్తమ్మ తడి పసుపు కలిపి డిస్క్‌కు నాలుగు వైపులా బొట్లు పెట్టింది. మేం రెండు ముద్దలు తిని బయలుదేరాం.

స్టూడియోలో కేబుల్ లోపలికి పోలేదు. సందు నిండా పసుపు గట్టిపడి ఉంది. ప్రతీక్ గుండుసూదితో గీకాడు, ఊదాడు. కేబుల్ దూరింది గానీ లైటు వెలగలేదు.

ఆదర్శ్ ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ సందుల గూడ పెట్టినవా?"

"దాని మూతి గదే గదరా? మూతికి పెట్టకుంటె ఎట్ల?"

అతను కోప్పడలేదు. కోప్పడే ఓపిక కూడా లేదు. గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాడు. ఆదివారం కదా, మధ్యాహ్నానికే దుకాణాలు మూసేశారు.

ప్రతీక్ సొరుగులోంచి ఒక పెన్ డ్రైవ్ తీశాడు. "ఇందులో ఒక్కటే పడుతుంది వహినీ. బరాతా, నలుగా?"

బరాత్! పెళ్లిచూపుల్లో తలెత్తని ఆదర్శ్ ఆ రోజు నా చెయ్యి పట్టుకుని నడిరోడ్డు మీద చిందేశాడు. వీడియోలో దాన్ని రెండు క్షణాలకు కత్తిరించారు. మొత్తం చూడాలని పెళ్లైనప్పటి నుంచీ ఆశ పడుతున్నాను.

"నీ ఇష్టం," అన్నాడు ఆదర్శ్, కళ్లు మూసుకునే.

"నలుగు," అన్నాను.

"మరి బరాతు?"

"నువ్వు మళ్ల ఎగురుతవు. నేను ఎగిరిపిస్త."

కళ్లు తెరవకుండానే నవ్వాడు.

ఇంటికొచ్చి టీవీకి పెన్ డ్రైవ్ పెట్టాం. మంచం మీద అమ్మమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. పాట మొదలైంది. ఆమె గొంతే, గరగరలాడుతూ, మధ్యలో దగ్గుతూ.

అత్తమ్మ ముఖం మాత్రం చిన్నబోయింది. "నా వల్లనే ఖరాబైందా బిడ్డా? నాకేమెరుక, మంచిగుండాల్నని పెట్టిన. మీ బరాతు గూడ పాయె..."

అమ్మమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు. పనిచేసే చెయ్యి ఎత్తి కూతురి చేతి మీద ఠపీమని కొట్టింది.

అత్తమ్మ నోరు మూసుకుంది. పాట సాగుతోంది.