లేని మేకు

పొద్దున మంచం మీంచి లేచి రెండు చేతులూ వెనక్కి చాస్తే నా రొమ్ము ఎముక టక్కుమంటుంది. వేళ్ళు విరుచుకున్నట్టు కాదు, ఎండు పుల్లను మోకాలికి ఆనించి విరిచినట్టు. నొప్పి ఉండదు. ఒకసారి మోగాక కాసేపు ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే నాకు పడదు. మళ్ళీ ఎప్పుడా అని మనసు అక్కడే కాపలా కాస్తుంది. చొక్కా తొడుక్కుంటున్నా, దారిన నడుస్తున్నా, చెయ్యి దానంతట అదే రొమ్ము మీదికి పోతుంది.

నా భార్య కూడా ఒకరోజు చెయ్యి అక్కడే పెట్టుకుంది. పట్టేసినట్టుంది అంది. ఆ పూట ఇంట్లో ఉన్నది ఆమె తమ్ముడు. "గ్యాసు అక్కా. వేణ్ణీళ్ళు తాగి పడుకో" అన్నాడు. తాగింది, పడుకుంది. నేను పని నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఊళ్ళోవాళ్ళ చెప్పులు గుట్టగా ఉన్నాయి.

ఆ తమ్ముడే నా రంపానికి రెండో కొస. కలప అడితిలో మా ఇద్దరిదీ ఒకటే జత. పడగొట్టిన ఇళ్ళ దూలాలను మిషను మీద పెట్టరు. లోపల పాత మేకు తగిలితే బ్లేడు తెగి మనిషి మీదికి వస్తుంది. అందుకని వాటిని చేతిరంపంతో, చెరో వైపు పట్టి కోస్తాం. ఆమె పోయాక అతనితో నేను రెండే మాటలు మాట్లాడతాను. లాగు. ఆపు. రంపానికి అంతకన్నా అక్కర్లేదు.

రొమ్ము సంగతి ఎవరికీ చెప్పలేదు. గుండె జబ్బే అనుకున్నాను. అయితే అవనీ. కానీ యజమానికి తెలిస్తే రంపం వదిలి ఇంటికి పొమ్మంటాడు. ఆ ఇంట్లో పగలు కూర్చోవడం నా వల్ల కాదు. రాత్రయితే దీపం ఆర్పేస్తే సరి. పగలు ప్రతిదీ కనిపిస్తుంది.

మొన్న మెట్లవరస కోసమని ఒక పెద్ద దూలం ఎంచి ఇచ్చారు. సగం కోత అయింది. రంపాన్ని నా వైపు పూర్తిగా లాక్కున్నప్పుడు రొమ్ము టక్కుమంది.

"ఆపు బావా!" బావమరిది పిడి వదిలేశాడు. "మేకు."

"లాగు" అన్నాను.

"వినలేదూ? టక్కుమంటేనూ!"

అయస్కాంతం తెచ్చి దూలం పొడుగునా రాశాడు. ఏదీ అంటుకోలేదు. "లోపలెక్కడో చచ్చింది, ముదనష్టపుది" అని మళ్ళీ పిడి పట్టాడు. నాలుగు లాగులు లాగామో లేదో మళ్ళీ అదే చప్పుడు. ఈసారి ఉలి, సుత్తి పట్టుకొచ్చాడు. మా పనిలో చెవే కన్ను. కోత మధ్యలో టక్కుమంటే ఇనుమే. అది మనిషిలోంచి వచ్చిందని ఏ కోతవాడికీ తోచదు.

దూలం బంగారంలాంటిది. దానికి పిడికిలి పట్టేంత గుంత పెట్టాడు. నేను బీడీ వెలిగించుకుని చూస్తూ కూర్చున్నాను. వెతుక్కోనీ అనుకున్నాను. వినాల్సిన రోజు విననివాడు ఇప్పుడు విని ఎవర్ని బతికిస్తాడు?

యజమాని వచ్చాడు.

"ఏరా, బావి తవ్వుతున్నావా? నీళ్ళు పడ్డాయా?"

"మేకుందండీ. రెండుసార్లు తగిలింది. చెవులారా విన్నా."

"నీ పుర్రెలో ఉందేమో చూసుకో." నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, నువ్వు విన్నావా?"

"లేదు."

బావమరిది నోరు తెరిచాడు. "బావా! పక్కనే ఉండి..."

"నోర్ముయ్. పట్టండి రంపం, నా ముందు కొయ్యండి" అన్నాడు యజమాని. "మేకు తగిలిందా, సరే. తగల్లేదా, రేపట్నుంచి ఈ గేటు తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా."

పట్టాం. చప్పుడు రాకుండా లాగడం నాకు తెలుసు. మోచేతులు డొక్కలకు ఆనించి, పొట్టి లాగులు లాగాలి. అలాగే లాగాను. పొట్టు రాలుతోంది తప్ప ఏమీ లేదు. బావమరిది చెవిని దూలానికి ఆనించినంత పని చేస్తున్నాడు. "ఇక్కడేనండీ, ఇదిగో ఇక్కడే..." అంటున్నాడు.

ఇంకాసేపు అలాగే లాగితే అతని పీడ నాకు ఈ జన్మకి వదిలిపోయేది. జాలి కలగలేదు. గెంటితే అతన్ని నా భార్య కోసం గెంటాలి. లేని మేకు కోసం గెంటేస్తే, పాపం అన్యాయంగా పోయాడు అంటారు జనం. అతనికి ఆ పుణ్యం నేనెందుకివ్వాలి?

భుజాలు వెనక్కి విరిచి, చేతులు బారచాచి, రంపాన్ని పూర్తిగా నా వైపు లాక్కున్నాను. టక్కుమంది.

"అదిగోనండీ!"

నేను పిడి వదిలేశాను. రంపం దూలంలో కదలకుండా నిలబడింది. మళ్ళీ చేతులు వెనక్కి చాచాను. మళ్ళీ టక్కుమంది. ఇద్దరూ నా రొమ్ము వైపు చూశారు.

"నీలోంచా బావా?"

"మీ అక్కకు తగిలిందే, ఆ మేకే" అన్నాను.

కలప మోసే బండిలో బావమరిది నన్ను కూలేసి ఆసుపత్రికి తోలాడు. దారిపొడుగునా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. డాక్టరమ్మ గుండె పరీక్ష చేయించింది, రొమ్ము మీద వేళ్ళతో నొక్కింది, చేతులు చాపమని చెవి పెట్టి వింది.

"గుండెకేం లేదు. పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసేచోట అలా చప్పుడవుతుంది. కొన్నాళ్ళు లాగే పని మానండి. పదే పదే విరిచి చూసుకోకండి."

వరండాలో బావమరిది గోడకు చేరబడి చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "ఏం లేదంట బావా. ఏం లేదంట."

"ఏం లేనిదానికి బండి తీశావు" అన్నాను. "ఉన్నదానికి వేణ్ణీళ్ళు ఇచ్చావు."

"అక్క నవ్వుతూ చెప్పింది బావా. నవ్వే మనిషికి ఏమవుతుందనుకున్నా."

"అనుకున్నావు."

  ఆ వేణ్ణీళ్ళ మాట మొహాన పడేస్తే కాస్త తెరిపినిస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తెరిపినివ్వలేదు.

యజమాని ఇంటికి పొమ్మనలేదు. "కూర్చుని రంపాలు నూరు పెద్దాయనా. ఎలాగూ మా మీద రోజూ పళ్ళు నూరుతూనే ఉంటావు" అన్నాడు. బావమరిదినీ గెంటలేదు. నా కొస ఒక కొత్తవాడికిచ్చారు. వాడు రంపాన్ని నెడతాడు. రంపాన్ని నెట్టకూడదు, అవతలివాడు లాగితే వదలాలి. వాడికది తెలియదు. రంపం వంగి ఇరుక్కుంటోంది.

"బావా, వీడికి కాస్త చెప్పు!" అని బావమరిది కేకేశాడు.

నేను ఆకురాయి ఆపలేదు. మళ్ళీ పిలిచాడు. రంపం పంటి మీద ఇంకాస్త గట్టిగా నూరాను.