మైకులో మెచ్చుకోలు

మా అక్క కొంప ముంచింది ఒక పొగడ్త.

మా కుట్టు ఫ్యాక్టరీలో మేనేజర్ మైకులో ఏం చెప్పినా మేం తిరగేసి వింటాం. "ఈరోజు తొందరగా వదిలేస్తాం" అన్నాడంటే, ఆలస్యమవుతుందని ఇంటికి ఫోన్ చేసేస్తాం.

అలాంటి మైకులో ఒకరోజు, "మీ నాయకురాలు బంగారం! మా మనిషే అనుకోండి" అని వినబడింది. మా యూనియన్ నాయకురాలు మా అక్కే. సాయంత్రానికల్లా ఆవిడ అందరి దృష్టిలో మేనేజర్ చెవిలో ఊదే మనిషైపోయింది. ఆ తర్వాతి ఎన్నికలో పదవి కటింగ్ మాస్టరుకి దక్కింది. మాట తీపి కనుక అందరూ అతన్ని పంచదార అంటారు.

"ఆవిణ్ణి మెచ్చుకోండి సార్, మెత్తబడుతుంది" అని మేనేజర్‌కి ఎక్కించింది పంచదారేనట. గదులు తుడిచే పిన్ని చెవులారా విని నాకు చెప్పింది.

ప్రతి మిషను దగ్గరికీ వెళ్లి నిజం చెప్పాను. "అక్క మీద ప్రేమ, పాపం" అని నవ్వారు. అక్క మూల బల్ల దగ్గర ఒంటరిగా భోంచేసేది.

సరే, నిజం వద్దు. మళ్లీ ఎన్నిక వచ్చిన రోజు పొద్దున్నే మేనేజర్ ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను.

"సార్, పంచదారన్న గురించి చాటుగా ఏవేవో అంటున్నారు. మీరొక్క మంచి మాట చెబితే..."

"చెప్పకపోతే ఎలాగమ్మా!" తన మాటకు తిరుగులేదని ఆయన నమ్మకం.

మైకు గరగరలాడింది. "మీ కటింగ్ మాస్టరు నాకు తమ్ముడి లాంటివాడు. కళ్లు మూసుకుని గెలిపించండి!"

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పంచదార ముఖం పాలిపోయింది. కత్తెర పడేసి మేనేజర్ కూర్చునే గాజుగదిలోకి పరుగెత్తాడు.

"చాలు సార్! దండం పెడతా, ఆపండి సార్!"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"సిగ్గెందుకు తమ్ముడూ?" హాలంతా వింది.

"ఓహో, అన్నదమ్ములా! మధ్యలో మనమెందుకే?" అంది ఇస్త్రీ అవ్వ.

అప్పుడు పిన్ని నోరు విప్పింది. అక్కను పొగిడించింది వీడేనంది. నేను చెబితే నవ్వినవాళ్లే, "మేం ఎప్పుడో అనుకున్నాం" అన్నారు.

పంచదారకి లేచిన చెయ్యి ఒక్కటే, అతనిదే. మూల బల్ల వైపు తిరిగి, "రావే అమ్మాయ్, ఇంకా అలకేనా?" అని అవ్వ పిలిచింది. హాలు నిండా చేతులు లేచాయి. అక్క కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

పంచదార పక్కకి జరిగాను. "ఏం అన్నా, తీపి ఎక్కువైందా?"

అతను పళ్లు నూరేలోగా, కొత్త నాయకురాలిని అభినందించడానికి మేనేజర్ గొంతు సవరించుకున్నాడు.

నేను గోడకున్న మైకు ప్లగ్గు పీకేశాను.