తిట్టినా పలకని పార్ట్‌నర్

పుస్తకమంత వెడల్పు, అట్టంత మందం, వెనకవైపు బూడిద రంగు. నేనొక ట్యాబ్‌ని. ఏదో ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్లు ఒకసారి వెలిగించి చూసి, బాగానే ఉన్నానని డబ్బాలో పెట్టేశారు. మళ్లీ వెలుగు చూసింది ఖమ్మంలో ఒక చీరల కొట్టులో. రెండేళ్లపాటు చీరల ఫొటోలు తీసి జనానికి పంపడమే నా పని. మనుషులు డెబ్బై చీరలు చూసి, చివరికి మొదట చూసినదే అడుగుతారని అక్కడే తెలిసింది. కొట్టువాళ్లు ఇంకో ట్యాబ్ కొనుక్కుని నన్ను సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో ఇచ్చేశారు. ఆ షాపు నుంచి నన్ను బొగ్గు గనుల ఊరు ఇల్లెందుకు తెచ్చింది అండాళమ్మ.

ఆమె నన్ను తన కోసం కొనలేదు. భర్త వెంకటనర్సయ్య రెండు వారాలుగా సాయంత్రమైతే వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాడు. ఆ నడక చూడలేక కొన్నది. ఎందుకు నడుస్తున్నాడో ఆమె తన చెల్లెలికి ఫోన్లో చెబుతుంటే విన్నాను.

నర్సయ్య గనుల్లో సర్వేయరుగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. భూమి కింద ఏ దారి ఎటు తవ్వాలో కొలిచి గీసి ఇచ్చే పని. కొలతలో జానెడు తేడా వస్తే కింద మనుషుల ప్రాణాలకు ముప్పు. అందుకని తప్పు కనిపించగానే గట్టిగా అనేయడం ఆయనకు ఉద్యోగంలో అలవాటైంది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. దాన్ని క్లబ్బుకు తీసుకెళ్లి పేకముక్కల మీద పెట్టాడు.

ఆయన ఆడేది బ్రిడ్జి. నలుగురు ఆడే ఆట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. తమ చేతిలో ఏముందో ఒకరికొకరు నోటితో చెప్పుకోకూడదు. ఎన్ని పట్లు పడతామో పాడే పాటను బట్టి, వేసే ముక్కను బట్టి అర్థం చేసుకోవాలి. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు, అది పెద్ద ముక్క వేసినవాళ్లది. నర్సయ్యకు ఎదురుగా ఇరవై రెండేళ్లు కూర్చున్న మనిషి ప్రభుదాస్. గనుల ఆస్పత్రిలో మందులిచ్చే ఫార్మసిస్టు. బాపట్ల వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నర్సయ్యను "సార్" అనేవాడు. నర్సయ్య ఆయన్ను "నువ్వు" అనేవాడు.

క్లబ్బు పోటీల చివరి ఆటలో అవతలి జట్టు ఇస్పేటు తురుపుగా, అంటే మిగతా రంగుల్ని కొట్టే రంగుగా, పది పట్లు పడతామని పాడింది. ఉండేవి పదమూడు పట్లు, అందులో నాలుగు లాక్కుంటే కప్పు వీళ్లది. నర్సయ్య ఆఠీన్ రాజు వేశాడు, ఒక పట్టు వచ్చింది. మళ్లీ ఆఠీన్ వేశాడు, ప్రభుదాస్ ఆసుతో రెండో పట్టు తీశాడు. ఆ తర్వాత ప్రభుదాస్ మళ్లీ ఆఠీన్ వేయకుండా కళావరు రెండు వేశాడు. నర్సయ్య దగ్గర కళావరు ఆసు ఉంది. దాన్ని వెయ్యలేదు, తర్వాత పనికొస్తుందని దాచుకున్నాడు. అవతలివాళ్లు ఆ పట్టు తీసి, తురుపులన్నీ లాగేసి, పది పట్లు పూర్తి చేశారు. కప్పు పోయింది.

నర్సయ్య కుర్చీలోంచి లేచి, ఇరవై మంది వింటుండగా, ఆఠీన్ ఎందుకు వదిలినవని అడిగాడు. ప్రభుదాస్ ఏదో చెప్పబోయాడు. నర్సయ్య చెప్పనివ్వలేదు. "సీసాల మీద చీటీలు అంటించుకునేటోనికి ఈ ఆట ఎందుకు?" అన్నాడు.

ప్రభుదాస్ ముక్కలు బల్ల మీద సర్దిపెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ క్లబ్బుకు రాలేదు. ఎదురుగా ఆయన లేని కుర్చీలో ఇంకెవరినీ కూర్చోబెట్టుకోలేక నర్సయ్య కూడా మానేశాడు. వరండాలో నడక అప్పుడు మొదలైంది.

నాలో ఒక బ్రిడ్జి యాప్ ఉంది. ఎదుటి మనిషి లేకపోయినా ఆడొచ్చు, మిగతా ముగ్గురి చోటా రోబోలు ఆడతాయి. వాటికి పేర్లుండవు, ముగ్గురి దగ్గరా "రోబో" అనే రాసి ఉంటుంది. నర్సయ్య మొదటి రోజు కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని కూర్చున్నాడు. వారం తిరిగేసరికి పొద్దున టిఫినయ్యాక ఒకసారి, మధ్యాహ్నం కునుకు తీశాక ఒకసారి ఆడటం మొదలుపెట్టాడు. రోబో ఆలస్యం చెయ్యదు. మధ్యలో టీ అడగదు. తుమ్మదు. ఏ పాట ఎందుకు పాడిందో తెలుసుకోవాలంటే దాని మీద వేలు పెడితే చాలు, అర్థం రాసి చూపిస్తుంది. పార్ట్‌నర్ అంటే ఇట్ల ఉండాలె అని ఆయన అండాళమ్మతో అన్నాడు. ఆమె చిక్కుడుకాయలు తుంచుకుంటూ పోయింది.

మూడో వారంలో తిట్లు మొదలయ్యాయి. ఎదుటి రోబో తనకు నచ్చని ముక్క వేసినప్పుడల్లా, "ఏం ఆట ఇది, ఎవడు నేర్పిండు నీకు?" అని నా ముఖం మీదే అరిచేవాడు. ఒకసారి గేటు దగ్గర పాలావిడ తననే అంటున్నాడనుకుని చెంబు పట్టుకుని నిలబడిపోయింది. రోబో మాత్రం తన వంతు రాగానే తర్వాతి ముక్క వేసేది. నొచ్చుకోదు, జవాబివ్వదు, మొహం మాడ్చుకోదు. నర్సయ్య కాసేపు దాని జవాబు కోసం ఎదురుచూసేవాడు. ఏదో ఒకటి అంటుందని ఎందుకు అనుకునేవాడో నాకు అర్థం కాలేదు. మంచి ఆట ఆడినప్పుడు కూడా అంతే. కష్టమైన పన్నెండు పట్లు పట్టిన రోజు తలెత్తి అటూ ఇటూ చూశాడు. ఆ ఆట సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అండాళమ్మకు చెప్పాడు. ఆమె మంచిదే అని, అన్నానికి రమ్మంది.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఆయన యాప్‌లో ఇంకో తలుపు కనిపెట్టాడు. మనకు కావలసిన ముక్కలు మనమే పంచి, రోబోలతో ఆడించి చూడొచ్చు. నర్సయ్యకు ఆ పోటీ ఆట యాభై రెండు ముక్కలూ గుర్తున్నాయి. ఒక్కొక్కటే ఎక్కించాడు. తన కుర్చీలోనూ ప్రభుదాస్ కుర్చీలోనూ రోబోలనే పెట్టి, నన్ను నీళ్ల చెంబుకు ఆనించి, చేతులు కట్టుకుని చూశాడు. ప్రభుదాస్ తప్పు చేశాడని రుజువు కావాలి ఆయనకు. అది దొరికితే ఇక వరండాలో నడవనక్కర్లేదు.

ఆఠీన్ రాజు పడింది. ఆఠీన్ ఆసు పడింది. ప్రభుదాస్ కుర్చీలోని రోబో కళావరు రెండు వేసింది.

దాని చేతిలో కళావరు అదొక్కటే. అది వదిలించుకుంటే, అదే రంగు మళ్లీ వచ్చినప్పుడు చిన్న తురుపుతో కొట్టి పట్టు తీయొచ్చు. నర్సయ్య కుర్చీలోని రోబో ఆసు దాచుకోలేదు. వెంటనే వేసి పట్టు తీసి, మళ్లీ కళావరే వేసింది. ప్రభుదాస్ రోబో దాన్ని తురుపుతో కొట్టింది. నాలుగు పట్లు. కప్పు వీళ్లదే అయ్యేది.

నర్సయ్య మళ్లీ ఆడించాడు. నాలుగుసార్లు ఆడిస్తే నాలుగుసార్లూ అదే ముక్క పడింది. ఐదోసారి ప్రభుదాస్ రోబోను పక్కకు తీసి, తన చేత్తోనే ఆఠీన్ వేసి చూశాడు. అవతలివాళ్లు దాన్ని తురుపుతో కొట్టి పది పట్లు తీసేశారు. ఆయన నన్ను ఆర్పి బల్ల మీద బోర్లా పెట్టాడు. పదకొండు రోజులు ముట్టుకోలేదు.

పన్నెండో రోజు అండాళమ్మ, ఈ ట్యాబ్ ఎవరికన్నా ఇచ్చేద్దామా అని అడిగింది. నర్సయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని ప్రభుదాస్ ఇంటికి నడిచాడు.

ప్రభుదాస్ వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. లేచి నిలబడి, కూర్చోమని, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నర్సయ్య నీళ్లు తాగకుండానే నన్ను బయటికి తీసి ఆ ఆట ఆడించి చూపించాడు. సర్వే మ్యాపు మీద వేలు పెట్టి చూపినట్టు ఒక్కొక్క ముక్కా చూపించి, నువ్వు వేసిందే కరెక్టని, ఆసు దాచుకోవడం తన పొరపాటని చెప్పాడు. చెప్పడం అయ్యాక కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. వచ్చిన పని అయిపోయినట్టే ఉంది ఆ ముఖం.

"నాకు ఆ రోజే తెలుసు సార్" అన్నాడు ప్రభుదాస్.

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు." ప్రభుదాస్ నా వైపు చూశాడు. "ఇందులో రోజూ ఆడుతున్నారా?"

"ఆడుతున్న."

"తిట్టారా దాన్ని?"

"తిట్టిన."

"ఏమంది?"

"ఏమంటది. తర్వాత ముక్క ఏసింది."

"నేనూ ఇరవై రెండేళ్లు అదే చేశాను సార్."

నర్సయ్య నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగలేదు, పట్టుకుని కూర్చున్నాడు. ప్రభుదాస్ గొంతు పెంచలేదు. "నేను వేసింది కరెక్టని చెప్పడానికి వచ్చారు, సంతోషం. అది తప్పయ్యుంటే? అప్పుడు అందరి ముందరా ఆ మాట అనొచ్చా?"

నర్సయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆట ఎట్లా ఆడాలో నాలో ఉంది గానీ, ఆ ప్రశ్నకు జవాబు నాలో లేదు. ఆయన, నీ చేతి మందులు తినబట్టే మా అమ్మ ఆఖరు నాలుగేళ్లు బతికింది అన్నాడు. ఆ మాటకూ ఆటకూ సంబంధం లేదు. ప్రభుదాస్ తల ఊపాడు. క్లబ్బుకు మాత్రం రాననే చెప్పాడు.

ఆ ఆదివారం నాలుగింటికి నర్సయ్య చాలా రోజుల తర్వాత, నన్ను సంచిలో పెట్టుకుని క్లబ్బుకు వెళ్లాడు. టీలు రాకముందే నిలబడి, ఆ రోజు కప్పు పోగొట్టింది తనేనని, ప్రభుదాస్ సరిగ్గానే ఆడాడని చెప్పాడు. ఆఫీసుకు రిపోర్టు రాసినట్టు చెప్పాడు, ఎక్కువ తక్కువ లేకుండా. తర్వాత కాస్త ఆగి, ఆయన ఉద్యోగం మీద అన్న మాట ఆట తప్పయినా ఒప్పయినా అనకూడనిది అన్నాడు. పక్క బల్ల దగ్గరున్న పెద్దమనిషి, ఎప్పటిదో పాత సంగతి కదా వదిలెయ్యమన్నాడు. "మీకు పాతది" అన్నాడు నర్సయ్య.

ఈ కబురు ప్రభుదాస్‌కు ఆ సాయంత్రమే చేరింది. అయినా ఆ వారం రాలేదు, మరుసటి వారమూ రాలేదు. మూడో ఆదివారం వచ్చి, ఎప్పటి కుర్చీలో కూర్చుని, ముక్కలు పంచమన్నాడు.

ఇప్పుడు నా బ్యాటరీ ఉబ్బి, వెనక అట్ట ఒక పక్క లేచింది. గంటకోసారి వైరు తగిలించాలి. ఇంట్లో ఆటలు బాగా తగ్గాయి. ఆదివారాలు నన్ను క్లబ్బుకు తీసుకెళ్లి మార్కులు ఎక్కించుకునే పని మాత్రం అప్పజెప్పారు. పోయిన ఆదివారం ప్రభుదాస్ నిజంగానే ఒక తప్పు చేశాడు, రాణి వెయ్యాల్సిన చోట పది వేశాడు. నర్సయ్య నోరు తెరిచాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ముక్కల్లోంచి తలలెత్తారు. ఆయన నోరు మూసుకుని, పంచండి అన్నాడు.

రెండు ఆటల తర్వాత నర్సయ్య వంతు వచ్చింది. గెలవాల్సిన ఆటలో తురుపులు లెక్క తప్పి ఒకటి ఎక్కువ లాగేశాడు. ఆట పోయింది. ప్రభుదాస్ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అదేం ఆట, నర్సయ్యా?"

క్లబ్బులో ఇరవై రెండేళ్లలో ఆయన నోట సార్ లేకుండా ఆ పేరు ఎవరూ వినలేదు. నర్సయ్య చేతిలోని ముక్కలు అట్లాగే ఉన్నాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"లెక్క తప్పిన" అన్నాడాయన.

"అవతలివాళ్ల తురుపులు నాలుగూ అప్పటికే కళ్ల ముందే పడిపోయాయి."

"చూడలేదు నేను."

ప్రభుదాస్ పేక దగ్గరికి లాక్కుని కలపడం మొదలుపెట్టాడు. అవతలి జట్టులో ఒకాయన నన్ను తన వైపు తిప్పుకుని, వేలితో ఆ ఆట మార్కులు ఎక్కించాడు. ఒక పట్టు తక్కువ.