పిట్టకో గింజ, అక్కకో చెంచా

యాభై ఆరేళ్ళొచ్చినా ఆవిడ చిన్నదే. అక్క పెట్టిన పేరది. అక్క తప్ప ఇంకెవరూ అలా పిలవరు. ఇప్పుడు అక్క కూడా పిలవదు. పోయిన చలికాలంలో ఓ పొద్దున పళ్ళు తోముకుంటూ తోముకుంటూనే నేలమీద పడిపోయింది అక్క. ఆస్పత్రిలో పదహారు రోజులు ఉంచుకుని, కుడి పక్కంతా పడిపోయిందనీ, మాట ఇక రాదనీ తేల్చి ఇంటికి పంపారు. ఒకసారి కన్ను మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. అరవై మూడేళ్ళు వాగిన నోటికి చివరికి మిగిలింది ఆ రెండు మాటలు.

అక్క మామూలు మనిషి కాదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ముప్ఫై ఒక్కేళ్ళు వంట చేసింది. రోజూ మూడొందల మందికి వండి వార్చిన చెయ్యి అది. చిన్నది కూడా మొదట్లో ఆ క్యాంటీన్‌లోనే రెండేళ్ళు పనిచేసింది. ఓసారి గిన్నె అడుగున పాత కూర మిగిలుంటే, దాని మీదే కొత్త కూర పొయ్యబోయింది. అక్క గరిటె కాడతో వేళ్ళ మీద ఒక్కటిచ్చింది. "అడుగు కడక్కుండా కొత్తది పొయ్యకే, మొద్దు మొహమా" అంది. ఇంకోసారైతే కూర వాసన తేడాగా ఉందని, బయట మూడొందల మంది పళ్ళాలు పట్టుకుని నిలబడి ఉండగా, మాటా పలుకూ లేకుండా అరచెయ్యి బోర్లా తిప్పి చూపించింది. పారబొయ్యమని. డేగిసా మొత్తం కాలవలో పోయించింది. మేనేజరు గుండెలు బాదుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మరి.

అలాంటి మనిషి ఇప్పుడు తిండి దగ్గర నోరు తెరవడం మానేసింది.

ఆస్పత్రిలో ముక్కులో గొట్టం పెడితే ఎడం చేత్తో రెండుసార్లు పీకి పారేసింది. మూడోసారి ఆ చెయ్యి మంచానికి కట్టేశారు. ఆ కట్టిన చెయ్యి చూశాకే చిన్నది ఒట్టు పెట్టుకుంది. ఏమైనా సరే, అక్కని ఇంట్లోనే చెంచాతో తినిపిస్తాననీ, మళ్ళీ ఆ వార్డు గుమ్మం తొక్కనివ్వననీ. తొక్కనివ్వకూడదంటే అక్క తినాలి. ప్రతి సోమవారం నర్సమ్మ ఇంటికొచ్చి టేపుతో జబ్బ చుట్టుకొలత తీసుకుంటుంది. అది ఇరవై సెంటీమీటర్లకి తగ్గితే వార్డుకి రాసేస్తానని ముందే చెప్పింది. ఇరవై రెండు దగ్గర మొదలైంది.

"తినేటప్పుడు దగ్గు వస్తోందా?" అని అడిగింది నర్సమ్మ మొదటి వారమే.

"అబ్బే, లేదండీ" అంది చిన్నది. వస్తోంది. వస్తోందంటే గొట్టం అంటుందని భయం.

"కొందరికి మింగే శక్తి మెల్లగా పోతూ ఉంటుందమ్మా. తినకపోతే మొండితనం అనుకోకండి" అంది నర్సమ్మ.

అక్క సంగతి తెలియదు ఈవిడకి, అది మొండితనం కాకపోతే ఇంకేమిటి, అనుకుంది చిన్నది.

అప్పుడొచ్చింది పిట్ట. కిటికీ గట్టు మీద రొట్టె తునక ఏదో పడుంటే, ఓ పిచ్చుక వచ్చి వాలింది. అక్క దాని వంకే చూస్తూ చూస్తూ నోరు తెరిచింది. చిన్నది టక్కున చెంచా పెట్టేసింది. దిగింది! పిట్ట ఇంకో తునక తీసుకుంది, అక్క ఇంకో చెంచా తీసుకుంది. ఆ రోజు గిన్నెలో సగం అయిపోయింది. ఇంకేం, చిన్నదానికి మందు దొరికినంత సంబరమైంది. పిట్ట తింటే అక్క తింటుంది. ఇక ఆ మాటని ఆవిడ బుర్రలోంచి తీసేవాడు పుట్టలేదు. అక్కకి తగ్గ చెల్లెలే.

మర్నాడే బజారు చివర గింజలాయన దుకాణానికి పోయింది. చిలకల పంజరాలూ, చేపల తొట్లూ, గింజల బస్తాలూ అమ్ముకునే మనిషి. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏం పిట్టలొస్తాయి మీ పెరట్లోకి?"

"పిట్టలంటే... పిట్టలేనండీ."

"చుట్టాలొచ్చారు ఏదో ఒకటి పెట్టు అన్నట్టుంది. ముక్కు లావుగా ఉంటాయా, సన్నగా ఉంటాయా?"

చివరికి ఆయనే ఎంచి ఇచ్చాడు. లావు ముక్కు వాటికి నల్ల పొద్దుతిరుగుడు గింజలు, చిన్నవాటికి కొర్రలు. చవగ్గా దొరికే కలగలుపు సంచీ మాత్రం వద్దన్నాడు. అందులో సగం గోధుమలే, పిట్టలు వాటిని కిందకి తోసేస్తాయి, కింద ఎలకలు కాపురం పెడతాయి. ఉప్పు వేరుశనగలు అసలే పెట్టొద్దన్నాడు. ఆ తరవాత చిల్లుల గొట్టం ఒకటి తీసి చూపించాడు. గింజ లోపలే పొడిగా ఉంటుంది, పిట్ట చిల్లు దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ లాక్కుని తింటుంది.

"గొట్టమైతే పిట్ట అవతలి వైపు కూర్చుంటే మంచంలో ఉన్న మా అక్కకి కనపడదు కదండీ? ఆ చెక్క పళ్ళెం ఇవ్వండి."

"పళ్ళెం వద్దమ్మా. తిన్నచోటే రెట్ట వేస్తాయి. వారానికోసారి పాతదంతా పారబోసి, మరిగే నీళ్ళతో తోమి, ఎండలో ఆరబెట్టాలి. చేస్తామనేవాళ్ళే గానీ చేసినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

"నేను చేస్తానండీ. లాండ్రీలో పనిచేస్తాను, ఉతకడం నాకు కొత్తా?" అంది చిన్నది.

పళ్ళెం కిటికీ ముందు కొక్కేనికి తగిలించి, చెప్పినట్టే చేసింది, రెండు వారాలు. ఆ పైన ఏం చెప్పమంటారు? పొద్దంతా హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి దుప్పట్లు వేడి నీళ్ళలోంచి తీసి తీసి వేళ్ళ సందులు చిట్లిపోయి ఉంటాయి. లాండ్రీ వెనక సందులోనే ఇల్లు కాబట్టి పని మధ్యలో పరిగెత్తుకొచ్చి అక్కకి పక్క మార్చాలి, తుడవాలి, తినిపించాలి. ఇంటికొచ్చి మళ్ళీ ఉతుకుడంటే ఒళ్ళు వంగలేదు. పైగా అడుగున మిగిలిన గింజ బాగానే కనపడుతుంటే పారబొయ్యడానికి చేతులు రాలేదు. రోజూ ఓ డబ్బా కొత్త గింజ పాతదాని మీదే పోసేసేది. గరిటె దెబ్బని వేళ్ళు ఎప్పుడో మర్చిపోయాయి.

పిట్టలు మాత్రం గుంపులు గుంపులుగా వచ్చాయి. పిచ్చుకలు, పచ్చరెక్కల పిట్టలు, రెండు గువ్వలు. వాటి దెబ్బలాటలు చూస్తూ అక్క నోరు తెరిచేది, చిన్నది చెంచా పెట్టేది. జబ్బ ఇరవై రెండు దగ్గరే ఆగింది. రెండు నెలలు అలా గడిచాయి.

వాన కురిసి వెలిసిన వారంలో ఓ పచ్చరెక్కల పిట్ట పళ్ళెం మధ్యలో బంతిలా ఉబ్బి కూర్చుంది. మిగతావి ఎగిరినా అది ఎగరదు. గింజ తీసుకుంటుంది, ముక్కులో తిప్పుతుంది, వదిలేస్తుంది. మళ్ళీ తీసుకుంటుంది.

"చూడవే అక్కా, ఎంత తిన్నా లేవదు. అచ్చం మన మావయ్యే" అంది చిన్నది. అక్క నవ్వలేదు. దాని వంకే చూస్తూ ఉండిపోయింది. మర్నాడు అది పళ్ళెం కింద మట్టిలో కాళ్ళు చాపుకుని పడుంది. వారం తిరిగేసరికి నాలుగయ్యాయి.

గింజలాయన ఈసారి వేళాకోళం ఆడలేదు. "గొంతు కింద తడిగా ఉందా?" అని అడిగాడు.

"ఉందండీ. తిండి ముందే ఉంటుంది, తినవు."

"తినక కాదమ్మా, మింగుడు పడక. గొంతులో పుండు లేస్తుంది. ముక్కులోంచి జారినది ఇంకోటి తింటుంది, దానికీ అంటుకుంటుంది. తోమారా పళ్ళెం?"

చిన్నది చిట్లిన వేళ్ళు కొంగులో దాచుకుంది.

"దింపెయ్యండి. నెల్లాళ్ళు పెట్టొద్దు. తిండి లేకపోతే అవే చెదిరిపోతాయి, ఉన్నవైనా బతుకుతాయి. అక్కగారు నెల్లాళ్ళు పిట్టల్ని చూడకపోతే ఏమీ అయిపోదు."

ఏమవుతుందో ఆయనకేం తెలుసు? చిన్నది చెప్పుకోలేదు. ఇంటికొచ్చి పళ్ళెం దింపేసింది.

మొదటి రోజు అక్క రెండు చెంచాలు తిని నోరు మూసుకుంది. రెండో రోజు ఒక్కటి. మూడో రోజు, ఆదివారం, అదీ లేదు. చిన్నది బతిమాలింది, కథలు చెప్పింది, తానే పిట్టలా కూసింది. చివరికి దవడలు రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని చెంచా తోసింది. చెంచా అంచు తగిలి పెదవి చిట్లింది. నెత్తురు చూసి కూడా ఆగలేదు. "చస్తావా? నన్ను సాధించడానికే చస్తావా? రేపు ఆవిడొచ్చి కొలుస్తుంది, తీసుకుపోతారు, చెయ్యి కట్టేస్తారు, తెలుస్తోందా నీకు?" అంటూ ఆ ఎడం చేతి మీద చెళ్ళున ఒకటి వేసింది. అక్క రెండుసార్లు కన్ను మూసింది. కాదు. ఏది కాదో చిన్నది అడగలేదు.

వెళ్ళి పళ్ళేన్ని కుళాయి కింద ఓసారి తడిపి, కొత్త గింజ పోసి, మళ్ళీ తగిలించింది. తెలిసే చేసింది. అడుసు తొక్కడం తప్పదనుకున్నాక కాలికి అంటుకుంటుందని ఆలోచిస్తామా? పిట్టలు మనవా? అక్క మనది. మొదట వచ్చి వాలింది ఉబ్బిపోయిన పిట్టే. అక్క నోరు తెరిచింది. చిన్నది పెట్టింది, పెట్టింది, పెట్టింది. ఎనిమిది చెంచాలని మర్నాడు నర్సమ్మకి గొప్పగా చెప్పుకుంది. నోట్లో పెట్టినవి లెక్కపెట్టుకుంది గానీ, తువ్వాలు మీదికి తిరిగొచ్చినవి లెక్కపెట్టలేదు.

జబ్బ ఇరవై ఒకటి ఉంది. "పై సోమవారం చూద్దాం" అంది నర్సమ్మ. ఆ పై సోమవారానికి ఇరవైన్నర. ఇంకో వారం గడువిచ్చింది.

పళ్ళెం మళ్ళీ తగిలించినప్పట్నించీ చిన్నదానికి పొద్దున్నే ఓ పని తోడైంది. కిటికీ తెర తియ్యకముందే పెరట్లోకి పోయి, చచ్చిన పిట్టల్ని లాండ్రీ కవరులో ఏరుకొచ్చి చెత్తడబ్బాలో వెయ్యడం. అప్పుడు తెర తీసి "లేవవే, నీ చుట్టాలొచ్చారు" అనేది. పన్నెండు రోజుల్లో పంతొమ్మిది పిట్టలు. మొదట్లో మొహం పక్కకి తిప్పుకుని ఏరేది. తరవాత్తరవాత దుప్పట్లు మడత పెట్టినట్టే ఏరేసేది. అదే ఆవిణ్ణి ఎక్కువ భయపెట్టింది.

పదమూడో రోజు మధ్యాహ్నం లాండ్రీ నుంచి వచ్చేసరికి, అక్క ఎడం చెయ్యి పైకెత్తి ఉంది. ఎంతసేపట్నించి అలా ఎత్తి పట్టుకుందో, చెయ్యి వణుకుతోంది. పళ్ళెంలో ఒక గువ్వ పక్కకి ఒరిగిపోయి, ముక్కు తెరుచుకుని, ఇంకా ఊపిరి తీస్తోంది. దాని చుట్టూ, దాని మీదా పిచ్చుకలు గింజలు ఏరుకుంటున్నాయి. అక్క అదంతా చూసింది. చిన్నదాన్ని చూసింది. అరచెయ్యి మెల్లగా బోర్లా తిప్పింది.

పారబొయ్యి.

ముప్ఫై ఏళ్ళ కిందటి గరిటె దెబ్బ అప్పుడు తగిలింది చిన్నదానికి. మంచం పక్కన చతికిలబడింది.

"నీ కోసమే పెట్టానే అక్కా. తీసేస్తే నువ్వు తినవు. నాకు తెలీదనుకున్నావా అవి చస్తున్నాయని? తీసేస్తే తింటావా? తింటానని చెప్పు. మాటిస్తేనే తీస్తా."

చచ్చేవాళ్ళతో బేరాలాడే మనిషి. అక్క ఒకసారి కన్ను మూసింది.

చిన్నది గువ్వని చేతిలోకి తీసుకుంది. దాని గొంతు కింద ఈకలన్నీ తడిసి అతుక్కుపోయి ఉన్నాయి. గుప్పిట్లోనే పోయింది. ఈసారి చెత్తడబ్బాలో వెయ్యలేదు, గోడ పక్కన గుంట తీసి పెట్టింది. పళ్ళెం దింపి, నల్లగా బూజు పట్టిన అడుగంతా గీకి, లాండ్రీ బ్లీచింగుతో, మరిగే నీళ్ళతో, అక్కకి కనపడేలా కిటికీకి ఎదురుగానే కూర్చుని తోమింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, తెలుసు. అయినా చెక్క తెల్లబడేదాకా తోమి ఎండలో బోర్లించింది. పిచ్చుకలు ఖాళీ కొక్కెం చుట్టూ తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి.

అప్పుడు మెత్తగా చేసిన అన్నం గిన్నె పట్టుకుని లోపలికొచ్చింది. కిటికీలో ఒక్క పిట్ట లేదు. అయినా అక్క నోరు తెరిచింది. తనంతట తానే, పూర్తిగా. చిన్నదానికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అరచెంచా తీసి జాగ్రత్తగా నాలుక మీద పెట్టింది.

అక్క నోరు మూసింది. దవడ ఆడింది. గొంతు ఒకసారి పైకి లేచి, సగంలో ఆగిపోయింది. ఇంకోసారి లేచింది. కళ్ళు పెద్దవయ్యాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి. దగ్గు వచ్చింది. పెట్టిందంతా పెదవి కొసన జారి, గడ్డం మీదుగా మెడ మీదికి పారింది.

అక్క మళ్ళీ నోరు తెరిచింది.

చిన్నది ఇంకో పావు చెంచా పెట్టింది. అదీ అలాగే వచ్చేసింది. అక్క మళ్ళీ తెరిచింది. తడిసిన ఆ గడ్డం వంక చూసింది చిన్నది. గువ్వ గొంతు కింద చూసిన తడే అది. తినక కాదమ్మా, మింగుడు పడక. గింజలాయన చెప్పాడు, నర్సమ్మ అంతకంటే ముందే చెప్పింది, అక్క రెండుసార్లు కన్ను మూసి చెప్పింది. మొండితనం ఎవరిదో ఇప్పుడు తెలిసింది. చిట్లిన పెదవి మీద పొక్కు ఇంకా పూర్తిగా మానలేదు.

ఆవిడ చెంచా గిన్నెలో పెట్టి, గిన్నె నేలమీద పెట్టింది. తువ్వాలు అంచు తడిపి అక్క గడ్డం తుడిచింది, మెడ తుడిచింది, తాను కొట్టిన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎల్లుండి సోమవారం.

"చాలక్కా" అంది. "ఇక చాల్లే. మూసుకో."

మాటిచ్చింది కదా, అక్క నోరు తెరిచే ఉంచింది.